చెట్ల నీడన పూచే పూలు



ఈ పూట వరిని గురించి గాని, పత్తిని గురించి గాని చెప్పబోవడం లేదు. మీ తోటలోనే, మీ పెరట్లోనే ఊరికే పడివున్న ఒక నేలను గురించి చెబుతాను. దానిని ఎవరూ దున్నరు, విత్తరు. కొబ్బరి చెట్ల నడుమ, పాత మామిడి మొదట, నూతి దగ్గరి చింత కింద, ఇంటి గోడ వార నీడ పడే నేల అది. “నీడలో ఏం పండుతుందండీ, గడ్డి కూడా సరిగా రాదు” అని పెద్దలు నాతో అంటూ ఉంటారు. గడ్డి రాదన్న మాట నిజమే. మన గడ్డిజాతులలో చాలా భాగం ఎండకు పుట్టినవి. అయితే అడవిలోకి వెళ్ళి చూడండి. నల్లమలలో గాని, పాడేరు కొండల్లో గాని, ఆదిలాబాదు టేకు అడవుల్లో గాని చెట్ల కింద నేల ఉత్త బోడిగా ఉండదు. తొలకరి పడిన పదిహేను రోజులకు అక్కడ దుంపజాతులు లేస్తాయి, పూలు పూస్తాయి. ఎండకు తట్టుకోలేక నీడకు చేరిన మొక్కలని వీటిని జాలిపడి చూడనక్కర లేదు. నీడే వాటి పొలం.

ముందుగా నీడ అంటే ఏమిటో కాస్త తేల్చుకోవలె. నీడ అంతా ఒకటి కాదు. మూడు తరగతులుగా అనుకోండి. మిట్టమధ్యాహ్నం పన్నెండు గంటలకు తోటలోకి వెళ్ళి, నేల మీద తెల్లని తువ్వాలు పరచి, దానికి ఒక అడుగు ఎత్తున మీ అరచెయ్యి చాపండి. అయిదు వేళ్ళ నీడా గీత గీసినట్లు స్పష్టంగా పడితే అది ఎండ నేల. చెయ్యి ఆకారం తెలుస్తూ అంచులు మసకగా పడితే అది ఎండా నీడా కలిసిన చోటు. చాలా పూలమొక్కలకు ఇదే కావలసినది. నీడ జాడే పడకపోతే అది చీకటి నీడ. గుబురు మామిడి కింద, ముసలి చింత కింద ఉండేది ఇదే. అక్కడ పూలకోసం ప్రయాసపడవద్దు. కింది కొమ్మలు నాలుగు తీయించి వెలుతురు దిగేటట్లు చేస్తేనే పని. ఈ పరీక్ష ఒక్కనాటితో సరిపెట్టక, వేసవిలో ఒకసారి, కార్తీకంలో ఒకసారి చేయండి. మన ప్రాంతంలో మే మొదటి వారం నుండి ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి కాస్త ఉత్తరంగా ఉంటాడు. అందుచేత ఏడాది పొడుగునా నీడ అనుకున్న ఉత్తరపు గోడ వార, ఆ మూడు నెలలూ ఎండ పడుతుంది. ఇది గమనించకుండా నాటి, “మొక్క మాడిపోయిందండీ” అని వచ్చేవారు ప్రతి ఏటా ఉంటారు.

ఇక అడవి సంగతి. మన తూర్పు కనుమల అడవుల్లో ఎక్కువ భాగం ఆకురాల్చే చెట్లు. మాఘ ఫాల్గుణాల్లో ఆకు రాలుతుంది, చెట్లు మోడులై నిలుస్తాయి. ఏప్రిల్, మే వచ్చేసరికి కొత్త చిగురు వేస్తుంది. వర్షాలు కుదురుకునేసరికి పైన పందిరి వేసినట్లు కమ్ముకొంటుంది. అంటే చెట్ల కింది నేలకు ఏటా ఒక వెలుతురు కాలం, ఒక నీడ కాలం ఉన్నాయన్న మాట. కింద బతికే మొక్క ఈ లెక్కను బట్టి తన బతుకు దిద్దుకుంటుంది. కొన్ని వెలుతురు ఉండగానే పూచేస్తాయి, ఆకులు తరువాత వేసుకుంటాయి. కొన్ని నీడలోనే ఆకు పరచి, నిదానంగా వానకారులో పూస్తాయి. కొన్ని పొదలమీదుగా ఎగబాకి పైన వెలుతురు దొరికిన చోట పూస్తాయి. మూడింటికీ మన అడవిలోనే ఉదాహరణలున్నాయి.

మొదటిదానికి ఉదాహరణ భూచంపకం. దీనినే కొన్ని ప్రాంతాల్లో కొండకలువ అంటారు. పసుపు, అల్లం కుటుంబంలోది. ఎండాకాలంలో, ఆకు ఒక్కటి కూడా లేనప్పుడు, బోడినేల మీద తెలుపూ ఊదా కలిసిన పువ్వు తటాలున లేస్తుంది. కాడ కనబడదు. పువ్వును ఎవరో తెచ్చి నేలమీద పెట్టి మరిచిపోయినట్లుంటుంది. వాసన కూడా మంచిది. ఒక పువ్వు ఒక పూట నిలిస్తే గొప్ప. అయినా వరుసగా లేస్తూ ఉంటాయి. వానలు పడ్డాక ఆకులు వస్తాయి. ఆ ఆకు పైవైపు వెండి చారలు, అడుగువైపు వంగపండు రంగు. పువ్వు లేకపోయినా ఆకు కోసమే పెంచుకోవచ్చు. శీతాకాలంలో ఆకు పండి ఎండిపోతుంది. మొక్క చచ్చిందనుకొని తవ్వి పారేసేవారున్నారు. చావలేదు, నేలలో నిద్రపోతోంది. ఆ మూడు నాలుగు నెలలూ నీరు పెట్టకూడదు. పెడితే దుంప కుళ్ళుతుంది. దుంప చుట్టూ దారాలకు వేలాడగట్టినట్లు చిన్న గడ్డలుంటాయి. అవి దాని తిండి గాదెలు. విడదీసి నాటేటప్పుడు మొలక ఉన్న ముక్కకు ఆ గడ్డలు నాలుగైనా ఉండేటట్లు చూడండి. రెండంగుళాల లోతు చాలు. ఇసుక కలిసిన మట్టి, మాగిన ఆకు ఎరువు సగపాలు. పసుపు పండించిన చెయ్యికి ఇంతకంటె చెప్పనక్కర లేదు.

రెండవ తరగతిలో చెంగల్వకోష్టు ఉంది. వాగుల వార, తేమ నిలిచే నీడల్లో నిలువెత్తు పెరుగుతుంది. ఆకులు కాండం చుట్టూ మెలికల మెట్లెక్కినట్లు తిరుగుతాయి. చివర ఎర్రని కంకి, ఆ ఎరుపులో నుండి ముడతలు పడిన తెల్లని పట్టుగుడ్డ వంటి పువ్వు. వానకారులో పూస్తుంది. భూచంపకానికి నీరు ఎక్కువైతే చేటు, దీనికి తక్కువైతే చేటు. నూతి గట్టున, స్నానాల నీరు పారే కాలవ పక్కన, అరటి గుబురు నీడన పెట్టండి. దుంప ముక్కతోనైనా వస్తుంది, కాండం ముక్కలు తేమ ఇసుకలో అడ్డంగా పూడ్చినా పిలకలు లేస్తాయి. పెంచడం ఇంత సుళువైన అడవి పువ్వు మరొకటి లేదని నా అభిప్రాయం. అయితే పిలకలు పరచుకుపోతాయి. ఏటా ఒకసారి పలుగుతో హద్దు పెట్టవలసి వస్తుంది.

మూడవదాని విషయంలో కాస్త ఆగి, జాగ్రత్తగా వినండి. అది నాభి. అగ్నిశిఖ అని కూడా అంటారు. అందానికి దానిని మించినది లేదు. ఆకు కొసలే తీగచుట్టలై కంపను పట్టుకొని పైకి పోతుంది. పువ్వు ముందు పచ్చగా, తరువాత పసుపుగా, ఆపైన నిప్పులాగ ఎర్రగా మారుతుంది. తమిళనాడు తన రాష్ట్ర పుష్పంగా ఎంచుకొన్నది దీనినే. అక్కడ గింజల కోసం పొలాల్లో పండిస్తారు కూడా. కీళ్ళవాతానికి వాడే కొల్చిసిన్ అనే మందు దీని గింజల్లో ఉంది. మందే గదా అని తేలికగా తీసుకోవద్దు. వేరు మొదలు గింజ దాకా మొక్కంతా విషం. దుంపలో, గింజలో మరీ ఎక్కువ. దుంప చూడడానికి సన్నని చిలగడదుంపలాగ ఉంటుంది. నాగలి కొక్కెంలాగ వంగి రెండు కొమ్మలుగా ఉంటుంది. అడవిదుంప అని ఉడికించి తిన్నవారు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఉడికించినా విషం పోదు. తిన్న కొద్ది గంటలకు వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. అది మామూలు అజీర్ణమని ఇంటి చిట్కాలతో పొద్దు గడపకూడదు. వెంటనే పెద్దాసుపత్రికి తీసుకుపోవలె. తిన్న దుంప ముక్క మిగిలివుంటే గుడ్డలో కట్టి వెంట తీసుకుపోండి, డాక్టరు గారికి చూపవచ్చును. పసిపిల్లలు తిరిగే ఇంట్లో, పశువులు మేసే దొడ్డి వార నాభి వేయవద్దని నేను ఖండితంగా చెబుతాను. వేస్తే తోట కంచె వారనే. మొదలు పొదల నీడన, తల ఎండలో ఉండాలి. దుంపను ముట్టిన చేతులను సబ్బుతో కడుక్కోకుండా అన్నం ముట్టకూడదు.

ఈ పేర్లు విన్నాక కొందరికి రేపే పలుగు భుజాన వేసుకొని అడవికి పోదామనిపించవచ్చు. అది మాత్రం చేయకండి. రిజర్వు అడవిలో మొక్క పీకడం 1967 నాటి ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం కింద నేరం. గిరిజన సోదరులకు చిన్నతరహా అటవీ ఫలసాయం మీద 2006 చట్టం ఇచ్చిన హక్కు ఉంది. అది వారి హక్కు, మనది కాదు. చట్టాన్ని పక్కన పెట్టి చూచినా తవ్వి తేవడం తెలివైన పని కాదు. నాభి గింజ నుండి పూతకు రావడానికి మూడు నాలుగేళ్ళు పడుతుంది. పూచిన మొక్కను దుంపతో లాగేస్తే ఆ చోట మళ్ళీ పువ్వు కనబడేది ఎప్పటికి? ఆర్కిడ్ జాతులైతే మరీను. వాటి గింజ మొలవాలంటే ఒక జాతి బూజు తోడు కావలె. ఆ బూజు ఆ బెరడులోనో ఆ మట్టిలోనో ఉంటుంది, మన కుండీలో ఉండదు. కొమ్మమీద నుండి ఊడబెరికి తెచ్చినవి ఒక ఏడు ఎలాగో బతికి, రెండో ఏడు ఎండిపోవడమే తరచు చూస్తాము.

కాబట్టి అడవికి వెళ్ళేది చూచి రావడానికి. ఎక్కడ పూస్తోంది, వాలుకా గుంటలోనా, ఏ చెట్టు కింద, ఆకు దుబ్బు ఎంత మందంగా ఉంది, ఏ నెల, ఇవి చిన్న నోటు పుస్తకంలో వ్రాసుకోండి. ఆ ఊరివారిని పేరు అడగండి. ఒక మొక్కకు కొండకొక పేరు ఉంటుంది, అన్నీ వ్రాయండి. గ్రామసేవకులుగా, విస్తరణ శాఖలో పనిచేసే మిత్రులకు ఇది ప్రత్యేకంగా మనవి చేస్తున్నాను. అడవిలో అడుగుపెట్టిన మొదటి పదినిమిషాలు చెట్లను చూడడం మాని నేలను చూడండి. ఎండుటాకులను చేత్తో తొలగిస్తే పైన ఎండుటాకు, దాని కింద సగం చివికినది, ఆ కింద నల్లని పొడి మట్టి, మూడు పొరలు కనబడతాయి. ఆ మట్టిని పిడికిట పట్టి నొక్కితే ముద్ద కడుతుంది, వేలితో తాకితే విడిపోతుంది. మీ తోటలో నీడ ఎంత ఉన్నా ఈ పొరలు లేకపోతే అడవి పువ్వు రాదు. మనం ఏటా చెట్ల కింద ఊడ్చి తగలబెడుతున్నది ఈ పొరలనే. రాలిన ఆకును అక్కడే గుంటలో వేసి, పేడనీళ్ళు చల్లి, తడి ఆరకుండా ఉంచితే ఏడాది తిరిగేసరికి మంచి ఎరువవుతుంది. మొక్కలకు, దుంపలకు మాత్రం ఉద్యానశాఖ నర్సరీలను, నమ్మకమైన ప్రైవేటు నర్సరీలను అడగండి. పొరుగువారి దొడ్లో ఉంటే అంతకంటె మేలు.

ఇక అడవి నుండి వచ్చి మన ఆడవారి జడల్లో స్థిరపడిన పువ్వు ఒకటుంది. అది కనకాంబరం. “అదెక్కడి అడవి పువ్వండీ, మా అమ్మమ్మ దొడ్లో ఉండేది” అని ఒక ముసలమ్మ నాతో వాదం వేసుకుంది. అమ్మమ్మగారి దొడ్డికి రాకముందు అది దక్షిణ భారతపు, సింహళపు అడవుల్లో చెట్ల కింద పెరిగే పొద. అడ్డసరం కుటుంబంలోది. నిగనిగలాడే ముదురాకుపచ్చని ఆకును చూస్తేనే తెలుస్తుంది, అది కొద్ది వెలుతురుతో సరిపెట్టుకొనే ఆకు అని. వాసన లేదు. అయినా పువ్వు తేలిక, రంగు చెదరదు, కోసిన తరువాత తొందరగా వాడదు. మల్లెల్లో మరువంతో కలిపి కట్టడానికి దీనికి సాటి లేదు. అందుకే ముహూర్తాల రోజుల్లో ధర చుక్కల్లోకి పోతుంది.

దీనిని కొబ్బరి తోటలో వేసుకొనే తీరు చెబుతాను. కొబ్బరికి ఎనిమిదేళ్ళు వచ్చేదాకా వెలుతురు బాగా దిగుతుంది. ఎనిమిది నుండి ఇరవై ఏళ్ళ వరకు మట్టలు కిందుగా ఉండి నీడ చిక్కగా ఉంటుంది. ఇరవై దాటాక చెట్టు ఎత్తు పోయి మళ్ళీ వెలుతురు చారలు చారలుగా పడుతుంది. కోనసీమలోని పాత తోటలు చాలావరకు ఈ మూడో దశవే, కనకాంబరానికి అనువైనవి. నడిమి వయసు తోటలో వేస్తే కొమ్మలు సన్నగా సాగి, కంకులు తక్కువ వస్తాయి. కొబ్బరి మొదలు చుట్టూ ఆరడుగుల మేర దాని తిండి వేళ్ళుంటాయి. ఆ పళ్ళెంలో మాత్రం ఏమీ నాటవద్దు.

నీరు నిలిచే నేల పనికిరాదు. అది కనకాంబరానికి మొదటి శత్రువు. నేలను రెండుమూడుసార్లు దుక్కి చేసి, ఎకరానికి 10 టన్నుల మాగిన పశువుల ఎరువు వేసి, బోదెలు తీసి, బోదె పక్కన రెండడుగులకు ఒకటి చొప్పున నాటాలి. ఢిల్లీ కనకాంబరమైతే పొద పెద్దది, దూరం ఇంకొంచెం ఇవ్వండి. నాటిన రెండు మూడు నెలలకు పూత మొదలవుతుంది. కంకిలో పువ్వు అడుగు నుండి పైకి విచ్చుకుంటూ పోతుంది. రోజు విడిచి రోజు తెల్లవారుజామున కోయాలి. పూత అయిపోయిన ఎండు కంకిని తుంచివేస్తే కొత్తవి తొందరగా వస్తాయి.

విత్తనం విషయంలో ఒక తమాషా ఉంది. పండిన కాయ మీద నీటిచుక్క పడితే చాలు, టప్పున పగిలి గింజలను దూరంగా చిమ్ముతుంది. పిల్లలు ఆ కాయలను నోటి తడితో పేల్చి ఆడుకోవడం మీరు చూచే ఉంటారు. వానలో మొలవడానికి అడవి నేర్పిన ఉపాయం అది. మీకు విత్తనం కావాలంటే మాత్రం కంకి గోధుమరంగుకు తిరగగానే, మంచు దిగక ముందు, పొడిగా ఉన్న మధ్యాహ్నం కోసి, గుడ్డ సంచిలో మూతి కట్టి ఉంచండి. పాత విత్తనానికి మొలక తగ్గుతుంది, ఆ ఏటిదే వాడండి. ఢిల్లీ కనకాంబరానికి ఈ బాధ లేదు, విత్తనమే కట్టదు. మామూలు మొక్కలో ఉండవలసిన దానికి ఒకటిన్నర రెట్లు క్రోమోజోములున్న గొడ్డు రకం అది. కొమ్మ ముక్కలతోనే ప్రవర్ధనం. పువ్వు పెద్దది, నారింజ ఛాయ, దిగుబడి ఎక్కువ. లుటియా అనే పసుపుపచ్చ రకం, సెబాకులిస్ అనే ఎర్రరకం కూడా ఉన్నాయి. బజారులో మీ ఊరి ఆడవారు ఏ రంగు అడుగుతున్నారో కనుక్కొని నాటండి. రకం గొప్పతనం కంటె అదే ముఖ్యం.

ఆదాయం గురించి ఆశ చూపేవారు చాలామంది ఉంటారు. నేను ఒక్క లెక్క చెబుతాను. కిలో కనకాంబరానికి సుమారు 15,000 పువ్వులు తూగుతాయి. సెకనుకు ఒక పువ్వు చొప్పున తల ఎత్తకుండా కోసినా ఒక మనిషికి నాలుగు గంటల పైచిలుకు పడుతుంది. అది కూడా తెల్లవారుజామున. ఇంట్లో మనుషులు లేనివారు ఎకరం వేసి, కూలికి మనుషులను పెట్టి కోయించితే, ధర పడిపోయిన ఆషాఢంలో కూలి డబ్బులు కూడా రావు. అందుచేత ఇంటిల్లిపాదీ పొద్దెక్కకముందు ఎంత కోయగలరో అంతే నాటమని నా సలహా. అత్తాకోడళ్ళు ఇద్దరున్న ఇంటికి కొబ్బరి నడుమ అయిదు సెంట్లు చాలు. ఆ డబ్బు ఎవరి చేతిలో ఉండాలో నేను చెప్పను గాని, కోసేది వారేనని మగవారు గుర్తుంచుకుంటే మంచిది.

చివరగా తెగులు మాట. కనకాంబరం బాగా పెరుగుతూ పెరుగుతూ ఉన్నట్టుండి గిడసబారి, ఆకులు పాలిపోయి గులాబీ ఛాయకు తిరిగితే, నీరు చాలలేదనుకొని ఇంకా తడులు పెట్టకండి. ఒక మొక్కను వేళ్ళతో సహా పెకలించి కడిగి చూడండి. వేళ్ళమీద నల్లని చారలు గాని, బుడిపెలు గాని ఉంటే అది కంటికి కనబడని నులిపురుగుల పని. ఆ గాయాల వెంట ఎండు తెగులు బూజు కూడా లోపలికి పోతుంది. రెండూ కలిస్తే మొక్క నిలువునా వాడిపోతుంది. నీడ నేలలో తడి ఆరదు కనుక ఈ బెడద కొంచెం ఎక్కువే. వచ్చాక చేయగలిగింది తక్కువ. వాడిన మొక్కలను పీకి తగలబెట్టి, ఆ గుంటల్లో మళ్ళీ కనకాంబరమే పెట్టకండి. ఒక ఏడు బంతి వేయండి, బంతి వేళ్ళు నులిపురుగును తగ్గిస్తాయి. కొత్తగా వేసేవారు నారుమడిని మే నెల ఎండలో తడిపి, పల్చని ప్లాస్టిక్ షీటు పరచి, అంచులు మట్టితో మూసి నాలుగు నుండి ఆరు వారాలు ఉంచి, తరువాత విత్తండి. ఈ ఒక్క పనికి మాత్రం నీడ కూడదు, నారుమడి ఎండ నేలలోనే ఉండాలి. నాటేటప్పుడు గుంటకు గుప్పెడు వేపపిండి వేయండి. ఢిల్లీ రకం కొమ్మలు తెచ్చేటప్పుడు ఎవరి తోట నుండి వస్తున్నాయో చూడండి. వేళ్ళు వచ్చిన మొక్కకంటె వేళ్ళు రాని కొమ్మ ముక్కే మేలు, ఎందుకంటె నులిపురుగు వేళ్ళతో, మట్టితో ప్రయాణం చేస్తుంది. పెన్సిలు లావు కొమ్మలు అరజానెడు పొడుగున కోసి, కింది ఆకులు తుంచి, తడి ఇసుకలో, నీడపట్టున గుచ్చి ఉంచితే నెల దాటేసరికి వేళ్ళు పోస్తాయి. ఈ పనికి తొలకరి మొదలు మంచి అదను.